బాపు చేతిలో జొన్నకట్ట

కోస్గిలో నేను ఇరవై ఏళ్ళు బోర్డులు రాశాను. ఎరువుల దుకాణాలకు, కిరాణా కొట్లకు, ట్రాక్టర్ తొట్ల వెనక రేకులకు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల గోడలకు. పొద్దున ఒక పార్టీకి రాసిన చేత్తోనే మధ్యాహ్నం ఇంకో పార్టీకి రాసేవాణ్ణి. ఎవడూ తప్పు పట్టలేదు. బోర్డులు రాసేవాడికి సొంత అభిప్రాయం ఉంటుందని ఎవరనుకుంటారు? తర్వాత ఫ్లెక్సీ మిషన్ వచ్చింది. దండం పెట్టే చేతులు, నవ్వే ముఖాలు, అన్నీ గంటలో అచ్చయి బయటికొచ్చేవి. నా నిచ్చెన ఇంటి వెనక కోళ్ళపాలైంది.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య నన్ను "ఆర్టిస్టు గారూ" అని పిలిచేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆ పిలుపు వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. బోర్డులు రాసిన రోజులే నయం. ఏం రాయాలో దుకాణందారు చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. అందులో దాపరికం లేదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక వింత జరిగింది. అప్పటిదాకా మా యాసకు నవ్వినవాళ్ళకు, మా జొన్నరొట్టెను చూసి ముఖం తిప్పుకున్నవాళ్ళకు ఉన్నట్టుండి మా మీద మోజు పుట్టింది. ఆఫీసు గోడల మీద, ఫంక్షన్ హాళ్ళ ముందర, ఎక్కడ చూసినా బోనాలు, బతుకమ్మలు, గొంగడి కప్పుకున్న ముసలాళ్ళు. పాలమూరులో ఆ గోడలు కొన్ని నేనూ గీశాను. ఎవరో పంపిన ఫొటో చూసి పెద్దది చేయడమే పని. ఒకసారి నాటు వేస్తున్న ఆడమనిషి నుదుటి మీద చెమట గీస్తే కాంట్రాక్టరు వచ్చి, "గదేంది, ఏడుస్తున్నట్టున్నది, తుడువు" అన్నాడు. తుడిచాను.

ఆ రోజుల్లోనే పరిచయమయ్యాడు అన్న. పాలమూరు బస్టాండు దగ్గర ఫ్రేముల దుకాణం ఆయనది. దేవుళ్ళ పటాలకు, పెళ్ళి ఫొటోలకు, పోయినవాళ్ళ ఫొటోలకు అద్దం కోసి, మేకులు కొట్టి అరచేతులు కాయలు కాసిన మనిషి. నన్ను కన్న మా అవ్వ ముంగిట్లో కూర్చొని మిరపకాయల తొడిమలు తీస్తున్న బొమ్మ ఒకటి చెక్క మీద గీసుకుని, ఫ్రేము కట్టిద్దామని తీసుకెళ్ళాను. ఆయన దాన్ని వెలుతురు దగ్గరికి పట్టుకెళ్ళి చాలాసేపు చూశాడు.

"ఎవరు గీసిన్రు?"

"నేనే."

"పైసలొద్దు తియ్యి. కొన్ని దినాలు గీడనే ఉండనియ్యి తమ్మీ. నేను సూసుకుంట."

తన కుర్చీ పైన, వాళ్ళ నాయిన ఫొటో పక్కన తగిలించుకున్నాడు. నా బొమ్మను నా కోసం కాక బొమ్మ కోసం చూసిన మొదటి మనిషి ఆయనే. తర్వాత జరిగింది ఎంత చేదైనా సరే, ఆ మాట నేను వెనక్కి తీసుకోను.

ఏడాది తిరిగేసరికి ఆయన ఎవరూ చేయని పని చేశాడు. కొత్తకోట దగ్గర, హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే రోడ్డు మీద, కార్లవాళ్ళు ఆగి తినే పెద్ద హోటలుంది. దాని పక్కనే ఉన్న అద్దాల గదిని కిరాయికి తీసుకొని, బొమ్మలు పెట్టి అమ్మే గ్యాలరీ తెరిచాడు. జనం నవ్వారు. దోశ తినేవాడికి బొమ్మలెందుకన్నారు.

"దోశ వచ్చేదాకా వాడు అరగంట కూసుంటడు తమ్మీ," అన్నాడు నాతో. "గా అరగంటల ఫోను సూస్తడు. గండ్ల పది నిముషాలు మన దిక్కు సూస్తే సాలు మనకు." ఇంకో మాట కూడా అన్నాడు, దాన్ని నేను ఏళ్ళ తరబడి అందరికీ చెప్పుకున్నాను. "గోడ నాది, బొమ్మ నీది. నీ బొమ్మల నేను వేలు వెట్ట. నా గోడ మీద ఏ బొమ్మ ఏడ వెట్టాల్నో నువ్వు జెప్పకు."

మాట నిలబెట్టుకున్నాడు కూడా. వలసపోయే కూలీలు లారీలో టార్పాలిన్ కింద పడుకుంటే బయటికి వరుసగా కనిపించే పాదాలు గీశాను ఒకసారి. ఎవరూ కొనలేదు. ఒకాయన వచ్చి, "ముఖాలేవండీ?" అని అడిగితే అన్న తొణక్కుండా, "ముఖాలు లోపల నిద్రవోతున్నయి సార్, లేపమంటరా?" అన్నాడు. ఆ బొమ్మను ఏడాది పాటు వాకిలికి ఎదురుగానే ఉంచాడు. అలాంటి మనిషి.

ఇక మా బాపును, అంటే మా నాయినను, గీసిన బొమ్మ సంగతి.

మా ఊరు కోస్గికి దగ్గర్లోనే. మొహర్రంలో వచ్చే పీర్ల పండుగకు మా ఊరి పెద్ద పీరును ఎత్తేది మా బాపు. పొడుగాటి కర్రకు అరచేయి ఆకారపు ఇత్తడి పంజా, దాని మెడ నిండా మొక్కుకున్నవాళ్ళు కట్టిన రంగురంగుల గుడ్డల దట్టీలు, అదీ పీరు. ఏడాదంతా పీర్లు పెట్టెలోనే ఉంటాయి. నెలవంక కనిపించాక బయటికి తీసి, చింతపండుతో తోమి, పీర్ల కొట్టంలో నిలబెడతారు. ఆ పెట్టె తాళం చిచ్చా దగ్గర ఉంటుంది. ఆయన మా ఊరి పీర్లను చూసుకునే ముజావరు, బాపుకు చిన్ననాటి దోస్తు, అందుకే నాకు చిచ్చా, అంటే బాబాయి. నాకు ముందు పుట్టిన ఇద్దరు దక్కకపోతే మా అవ్వ పీరుకు మొక్కుకుంది. నేను దక్కాను. అప్పటినుంచి ఏటా బాపు పీరు ఎత్తుతున్నాడు. నాకు పెట్టిన పేరు కూడా ఆ పీరు పేరే. మా దిక్కు హిందువుల ఇళ్ళలో అలాంటి పేర్లు కొల్లలు, ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోరు.

పీరు ఎత్తినవాడు ఇంటింటి ముందర ఆగుతాడు. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి ఆయన కాళ్ళ మీద పోస్తారు. డప్పులు, ఊదు పొగ, కాళ్ళ కింద దుమ్ము బురద కావడం. ఆ కాసేపు మా బాపు మా బాపులా ఉండడు. రెప్పలు సగం వాలి ఉంటాయి, చూపు ఎక్కడో ఉంటుంది. చిన్నప్పుడు నాకు భయమేసేది. ఆ మనిషిని గీయాలని బోర్డులు రాసే రోజులనుంచీ నా ఆశ.

చిచ్చాను అడిగితే వెంటనే ఒప్పుకోలేదు. "ఫొటో ఒద్దు బిడ్డా," అన్నాడు. "ఫోన్లల్ల వడి ఏడేడనో తిరుగుతది, ఎవడెవడో ఏదేదో అంటడు. నువ్వు గీసుకో. గీసెటోడు శానసేపు సూస్తడు. గంతసేపు సూసినోడు ఆగం జెయ్యడు." పీర్లను తోమే రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నా చేతికీ చింతపండు ఇచ్చాడు. ఇత్తడి మీద ఎక్కడ సొట్ట ఉందో, ఏ దట్టీ ఏ కాలం నాటిదో వేలితో తడిమి చెప్పాడు. అప్పటికే ఆయన చూపు మందగించింది. ఒక కంటికి దవాఖానలో ఆపరేషన్ చేసినా కుదరలేదు. రంగులు తెలుస్తాయి, రూపాలు తెలియవు.

వానకాలమంతా ఆ బొమ్మ మీదే ఉన్నాను. దాదాపు మనిషెత్తు కాన్వాసు గుడ్డ. బాపు రెండు చేతులతో పీరును గుండెకు ఆనించి పట్టుకొని నిలబడ్డాడు, ముందర మా వదిన వరసామె వంగి బిందెతో నీళ్ళు పోస్తోంది. ఒక్క నీళ్ళకే పదిహేను రోజులు పట్టింది. బిందె అంచు దాటగానే నీళ్ళు తాడులా మెలి తిరగడం, బాపు కాలి వేళ్ళ సందున దుమ్ము పగిలి ఎర్రటి బురద లేవడం. గొప్పలు పోతున్నాననుకోకండి, అంత బాగా నేను అంతకు ముందూ గీయలేదు, ఆ తర్వాతా గీయలేదు.

కొత్తకోటకు తీసుకెళ్ళి గోడకు ఆనిస్తే అన్న చెప్పులు విడిచి నిలబడ్డాడు. "దీనికి ఫ్రేము నేనే కడ్త, పనోళ్ళకియ్య," అన్నాడు. కింద కార్డు మీద 'పీరు ఎత్తిన బాపు' అని నేనే రాశాను. ఆ సాయంత్రమే బాపుకు ఫోన్ చేశాను. బాపు చిచ్చాకు చెప్పాడు, చిచ్చా ఊరందరికీ చెప్పాడు. "ఒకపారి నన్ను తీస్కపో అన్నా, మన పీరు అద్దాల గదిల ఎట్ల నిలవడ్డదో సూస్త," అని రోజూ బాపు ప్రాణం తీసేవాడట. త్వరలో నా బొమ్మలన్నీ కలిపి పెడతారేమో అన్న ఆశతో, ఆ రోజు మీ ఇద్దర్నీ పిలుస్తానని మాటిచ్చాను.

మొదట్లో అంతా బాగానే ఉంది. ఒక కారు కుటుంబం కార్డు చదివి, "ఇది ఎవరి పండగండీ?" అని అడిగింది. మాదే అన్నాను. "అంటే మీరు..." అని ఆగారు. "చేతులు కడుక్కునేది అటు పక్క" అని చూపించాను. అన్న నా మోచేతిని గిల్లాడు.

తర్వాత ఎవడో ఆ బొమ్మను ఫొటో తీసి, కింద నాలుగు పాడుమాటలు రాసి వాట్సాప్‌లో వదిలాడు. కొట్లాట ఏమీ కాలేదు, ఎవరూ రాయి విసరలేదు. ఒక్క హోటలాయన మాత్రం వచ్చాడు. "నాకు బొమ్మల సంగతి తెల్వదు, దోశల సంగతి తెలుసు. లొల్లయితే కార్లు ముందరి హోటల్ల ఆగుతయి," అని చెప్పి పోయాడు. అన్న కార్డు మార్చాడు. 'భక్తి' అని పెట్టాడు. కార్డే కదా, పోనీలే అన్నాను. వారానికి బొమ్మ స్తంభం వెనక్కి పోయింది. ఇంకో వారానికి కౌంటర్ వెనక, ముఖం గోడ వైపు తిప్పి పెట్టారు. ప్రతిసారీ అన్న నాకు ఫోన్ చేసి చెప్పేవాడు. చెప్పకుండా చేసినా బాగుండేది, పోట్లాడ్డానికి వీలుండేది.

ఆ కౌంటర్ వెనకే విల్లాల ఆయన దాన్ని ఇటు తిప్పి చూశాడు. ఆ రోడ్డు పొడవునా ఇళ్ళు కట్టి అమ్మే మనిషి. తన క్లబ్‌హౌస్‌కు పల్లెటూరి బొమ్మలు కావాలని వచ్చి, మా బాపు ముఖం చూసి పడిపోయాడట. "అసలైన మట్టిమనిషి!" అన్నాడట. "కానీ చేతుల్లోది మార్పించండి. నా దగ్గర ఇల్లు కొనేవాళ్ళలో అన్ని రకాలవాళ్ళుంటారు. ఏ జొన్నకట్టో పెట్టండి, రైతు అనిపించాలి."

ఈ మాట ఫోన్‌లో చెప్పడానికి అన్నకు నోరు రాలేదు. కోస్గికి బస్సెక్కి వచ్చాడు. మా రేకుల ఇంట్లో మంచం మీద కూర్చొని, ఇచ్చిన చాయ తాగకుండా గ్లాసు తిప్పుతూ అంతా చెప్పాడు.

"గోడ నాది, బొమ్మ నీది అన్నదెవరు? నీ నోటితోనే జెప్పు," అన్నాను.

"నేనే అన్న. గోడ నాదనుకున్న తమ్మీ. గోడ గూడ నాది గాదు, కిరాయిది. గీ సోయి నాకు అప్పుడు లేకుండె."

"అయితే షెటర్ దించు."

"దించుత. దించినంక నీ లారీ బొమ్మ, నీ అవ్వ బొమ్మ అన్ని నా దుకాణం అటక మీదికి వోతయి. నువ్వు మళ్ళ ఏ గోడకు గీస్తవ్? ఎరువుల దుకాణం గోడకా?" గొంతు పెంచాడు. "నాకు బాధ లేదనుకుంటున్నవా? గా బొమ్మ ముందట చెప్పులిడిచి నిలవడ్డోన్ని నేను. నువ్వా నేనా?"

ఇద్దరం అరుచుకున్నాం. మా ఇంటామె వచ్చి చల్లారిన చాయ గ్లాసు తీసుకెళ్ళింది. అప్పుడు అన్న మెల్లగా, "గీ ఒక్కటి జేసిస్తే నెల దినాలు గదంత నీ బొమ్మలే పెడ్త. బయట రోడ్డుకు కనవడేటట్టు నీ పేరు తోటి బోర్డు," అన్నాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను పడిపోయింది అక్కడే. ఇరవై ఏళ్ళు ఊరందరి పేర్లు రాసిన చెయ్యి ఇది. నా పేరును ఇంకొకడు రాయగా, బస్సులో పోయేవాడు తల తిప్పి చదవాలని నాకెంత ఆకలి ఉందో ఆ రోజు దాకా నాకే తెలియదు. ఆకలితో ఉన్నవాణ్ణి అన్న బాగా కనిపెట్టాడు. వ్యాపారం చేసేవాడికి ఆ మాత్రం కన్ను ఉంటుంది.

పోయేటప్పుడు గడప దగ్గర ఆగి, తల దించుకొని ఇంకో ముక్క అన్నాడు. "పేరు జర పొట్టిగ రాస్తే ఎట్లుంటది? రెండక్షరాలు. ఇప్పుడందరు గట్లనే రాస్తున్నరు." అర్థమైంది. నా పేరులో పీరు ఉంది మరి. సరే అన్నాను. సరే అనడం ఒకసారి అలవాటైతే నాలుక దానంతటదే తిరుగుతుంది.

మర్నాడు బొమ్మ మా ఇంటికొచ్చింది. పీరు మీద తెల్లరంగు పూయడానికి ఎంతోసేపు పట్టలేదు. పంజా పోయింది, దట్టీలు పోయాయి. అదే ఎత్తున జొన్నకట్ట గీశాను, దట్టీలు వేలాడిన చోట పచ్చటి ఆకులు వేలాడదీశాను. నాకు జొన్న బాగా వచ్చు. నీళ్ళు మాత్రం ముట్టుకోలేదు. వాటి మీద రంగు పూయడానికి చెయ్యి రాలేదు.

మా ఇంటామె వాకిట్లో నిలబడి చూసింది. "మామకు జెప్పినవా?" అని అడిగింది.

"నీ పని నువ్వు సూసుకో," అని కసిరాను. ఆమె చూసుకోలేదు, చాలాసేపు అక్కడే నిలబడింది.

నా బొమ్మల ప్రదర్శన మొదలయ్యే రోజు దగ్గరపడింది. బాపుకు ఫోన్ చేసి వాయిదా పడిందని చెప్పాను. "ఎన్నడు వెడ్తరు మల్ల?" అని అడిగాడు. చెప్తాలే అన్నాను. మా ఊరి జీపు డ్రైవరు ఒకడు ఆ రోడ్డు మీద తిరుగుతాడన్నది నాకు గుర్తే రాలేదు. వాడు హోటలు ముందర నా బోర్డు, దాని పక్కన నా ఫొటో చూసి ఊళ్ళో చెప్పాడు. రెండక్షరాల పేరు చదివి కాదు, నా ముఖం చూసి గుర్తుపట్టాడట.

మొదటి రోజు పన్నెండు గంటలప్పుడు గది నిండా జనం ఉన్నారు. విల్లాల ఆయన వచ్చాడు, అన్న కొత్త చొక్కా వేసుకున్నాడు. బాపు బొమ్మ పక్కన అమ్ముడుపోయినట్టు ఎర్రటి చుక్క అతికించి ఉంది. నేను ఎవరికో జొన్న రకాల గురించి వివరిస్తున్నాను. అద్దం తలుపు దగ్గర తెల్ల ధోవతి, తలకు రుమాలు కనిపించాయి. బాపు. ఆయన భుజం మీద చెయ్యేసుకొని చిచ్చా. ఉతికి ఇస్త్రీ చేసిన పైజమా, చేతిలో స్టీలు డబ్బా. రెండు బస్సులు మారి వచ్చారు.

"వాయిదా వడ్డదన్నడు గద అన్నా," అంటున్నాడు చిచ్చా నవ్వుతూ, "పోరడు మనల్ని పరేషాన్ జేద్దామనుకున్నడు."

నేను ఎదురుపోలేదు. బాపు నన్ను చూశాడు, గోడల వెంట చూశాడు, తన బొమ్మ దగ్గర ఆగాడు. తన ముఖాన్ని తాను చూసుకున్నాడు. తర్వాత చేతుల్లోకి చూశాడు.

"ఏడున్నదన్నా మన పీరు?" అని చిచ్చా అడిగాడు. "నన్ను దగ్గరికి తీస్కపో."

మా బాపు హరిశ్చంద్రుడేమీ కాదు. పత్తి అమ్మేటప్పుడు, అల్లుడితో మాట్లాడేటప్పుడు అందరిలాగే నాలుగు అబద్ధాలాడతాడు. కానీ పీరు సంగతిలో ఎన్నడూ ఒక మాట అటూ ఇటూ కానివ్వలేదు. పండుగ పది రోజులూ నేల మీద పడుకునే మనిషి. ఆయన చిచ్చాను నడిపించుకొచ్చి బొమ్మ ముందర నిలబెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"గిదే భాయ్. గిదిగో, నీ ముందటనే ఉన్నది. నిలవడ్డది మంచిగ."

"దట్టీలు?"

"ఉన్నయి."

"నీళ్ళు వోస్తున్నరా?"

"వోస్తున్నరు. మా కోడలు వోస్తున్నది."

చిచ్చా ముఖాన్ని గుడ్డకు దగ్గరగా పెట్టాడు. "పచ్చగ కనవడుతున్నది," అన్నాడు. "మాషా అల్లా. కొత్త దట్టీ కట్టినవా బిడ్డా?" చెయ్యి చాచి జొన్నాకుల మీద మెల్లగా ఆనించి, ఆ వేళ్ళను కళ్ళకు అద్దుకున్నాడు. బొమ్మలను ముట్టుకోవద్దని గోడ మీద కాగితం ఉంది. అన్న అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. విల్లాల ఆయన ఫోన్ తీసి, బొమ్మ ముందు తలవంచిన ముసలాయనను ఫొటో తీసుకున్నాడు. చాలా బాగుందన్నాడు.

చిచ్చా డబ్బా మూత తీసి గదిలో అందరికీ పీర్లకు పెట్టే తీపి ముద్దలు, మలీద పంచాడు. విల్లాల ఆయన కూడా తిన్నాడు, దేనితో చేస్తారని అడిగాడు. నా చేతిలో పెట్టిన ముద్ద నేను తినలేకపోయాను.

చిచ్చాను హోటల్లో కూర్చోబెట్టి చాయ చెప్పి, బాపు నన్ను బయటికి పిలిచాడు. లారీల చప్పుడులో నిలబడ్డాం. తిడతాడనుకున్నాను. కొడితే ఇంకా బాగుండేది.

"నాకు సదువు రాదు, బొమ్మలు తెల్వయి," అన్నాడు. "ఒక్కటి అడుగుత. జొన్నకట్ట మోసెటోని కాళ్ళ మీద నీళ్ళెందుకు వోస్తున్నర్రా?"

నేను రోడ్డు మీది లారీల వైపు చూశాను.

"పీరును తీసినవ్. నీళ్ళెందుకు ఉంచినవ్?"

"మంచిగొచ్చినయి బాపూ," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని అది ఎంత నీచమైన మాటో నాకు తెలియలేదు. బాపు నా వైపు కాసేపు చూశాడు. ఎవరో తెలియనివాణ్ణి చూసినట్టు చూశాడు.

"నువ్వు బతకాల్నని ఎత్తిన్రా నేను దాన్ని," అన్నాడు. "జొన్నలకు గాదు." రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఇంకొకటి జెప్తున్న ఇను. మల్ల నా మొఖం గియ్యకు. ఎవని మొఖమన్న గీసుకో, నాది ఒద్దు."

వాళ్ళను నేనే బస్సెక్కించాను. చిచ్చా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నా తల నిమిరాడు. బాపు అవతలి వైపు కూర్చున్నాడు.

ఊళ్ళో చిచ్చా ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు, మన పీరు రోడ్డు మీద అద్దాల గదిలో నిలబడ్డదని, హైదరాబాదోళ్ళు, బెంగళూరోళ్ళు ఆగి దండం పెడుతున్నారని. మా ఊరివాళ్ళు చాలామంది ఆ రోడ్డు మీద పోయినవాళ్ళే, బొమ్మను కళ్ళారా చూసినవాళ్ళే. చిచ్చా కొడుకు కూడా చూశాడు. ఒక్కరూ ఆయనకు చెప్పలేదు. బాపు ఏదంటే వాళ్ళూ అదే అంటున్నారు. ఊరు ఊరంతా నా కోసం ఒక గుడ్డి మనిషి ముందర అబద్ధమాడుతోంది. నేను ఊరికి పోయినప్పుడు అందరూ బాగానే పలకరిస్తారు, తిన్నవా అని అడుగుతారు. ఆ మర్యాదను తట్టుకోవడం కష్టం.

బాపు తర్వాతి పండుగకు కూడా పీరు ఎత్తాడు. నేను పోలేదు. పనుందని చెప్పాను.

పని నిజంగానే ఉంది. విల్లాల ఆయనకు ఆ బొమ్మ ఎంత నచ్చిందంటే, ఇంకో ఐదు కావాలన్నాడు. అదే రైతు, అదే నిలబడ్డ తీరు, చేతుల్లో పంట మాత్రం మారాలి. ఒకదాంట్లో కంది, ఒకదాంట్లో సజ్జ, ఇట్లా. నీళ్ళు పోసే ఆడమనిషి కూడా తప్పకుండా ఉండాలట, వాన వస్తున్నట్టు ఉందట. అన్న ఈసారి నా ముఖం చూడకుండా చెప్పాడు. కాదంటే కాదను, నేను ఆయనకు చెప్పుకుంటాను అని కూడా అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. కాదనే జాగా ఆయన నాకు ఇచ్చాడు. కాదనలేదు నేను.

గుడ్డలు బిగించాను. చేతులు వచ్చాయి, పంట వచ్చింది, నీళ్ళు వచ్చాయి. ముఖం దగ్గర ఆగిపోయాను. బాపుది వద్దన్నాడు. ఇంకెవరిది పెట్టాలి? ఊళ్ళో ఇంకొకరి దగ్గరికి పోయి, నీ ముఖం ఇవ్వమని అడగడానికి నాకు ముఖం ఎక్కడుంది? నాలుగు రోజులు ఆ ఐదుగురు మనుషులు మా ఇంట్లో ముఖాలు లేకుండా నిలబడ్డారు. మా ఇంటామె వాళ్ళ మీద పాత చీర కప్పింది, చూడలేకపోతున్నానంది.

ఐదో రోజు గోడకున్న అద్దం తీసి ఎదురుగా పెట్టుకున్నాను. రెప్పలు సగం వాల్చి, బాపు చూసినట్టు ఎక్కడో చూడబోయాను. చూపు ఎక్కడికీ పోలేదు, అద్దంలో నా మీదే ఆగింది. అట్లాగే గీశాను. ఐదింటికీ నా ముఖమే.

అన్న వచ్చి వాటి ముందర నిలబడ్డాడు. చెప్పులు విడవలేదు. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి చివరిదాని దగ్గర తల ఊపాడు. మర్నాడు విల్లాల ఆయన ఫోన్‌లో ఫొటోలు చూసి చెప్పిన మాట నాకు చేరవేశాడు.

"ముందటి దానికంటె గివే మంచిగున్నయన్నడు తమ్మీ. మొఖంల గా బాధ ఉన్నది సూడు, అచ్చం రైతే అన్నడు."